జల్లెడలో మెతుకు లేదు

మీ ఇంట్లో డిష్‌వాషర్ ఉంటే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. గిన్నెలు అందులో పెట్టేముందు వాటిని తోముతున్నారా, లేదా? మీరు తోమరు, ఆ సంగతి నాకు తెలుసు. మీ ఇంట్లో ఆవిడ తోముతోందా?

తెలియదంటారా? చాలామందికి తెలియదు. పోయిన ఆదివారం తగరపువలసలో, కొత్తగా అపార్ట్‌మెంటు కొనుక్కున్న పరిచయస్తుల ఇంటికి భోజనానికి వెళ్ళాను. తిన్నాక ఇంటావిడ కంచాలన్నీ సింకులో వేసి, సబ్బు పెట్టి, పీచుతో తోమి, కుళాయి కింద రెండువైపులా కడిగింది. తళతళలాడుతున్న ఆ కంచాలని తీసుకెళ్ళి డిష్‌వాషర్‌లో వరసగా నిలబెట్టి తలుపు మూసింది.

"కడిగేశారు కదండీ, మళ్ళీ ఎందుకు?" అన్నాను.

"ఎంగిలివి లోపల ఎలా పెడతామండీ!" అని నవ్వింది.

లోపల నీళ్ళు తిరగడం మొదలైంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ఒకప్పుడు రోజూ మధ్యాహ్నం మా గోడ అవతలినుంచి వినపడేది. విని, పోనీలే, పక్కింటావిడ చేతులకి విశ్రాంతి దొరికింది అనుకునేదాన్ని. అందరం అలాగే అనుకునేవాళ్ళం. ఆవిడ ఈ ఏడు ఎండలు ముదరకముందే పోయింది.

ఆవిడ పేరు చెప్పను. చెబితే అది ఆవిడ ఒక్కతె కథ అయిపోతుంది.

కూర్మన్నపాలెంలో మా వాటాని ఆనుకుని ఉన్న వాటా వాళ్ళది. భర్త స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. కొడుక్కి పోర్టులో షిఫ్టు డ్యూటీలు. కోడలు గాజువాకలో బట్టల కొట్లో పని చేస్తుంది, పొద్దున వెళితే దీపాలవేళకి వస్తుంది. పగలంతా ఇంట్లో మిగిలేది ఆలుమగలిద్దరే. నేను ఆవిడని వదినా అనేదాన్ని. ఆవిడ నన్ను ఓపికని బట్టి మరదలా అనేది, పిల్లా అనేది, కోపం వస్తే "మీటింగులమ్మా" అనేది. మూఢనమ్మకాల మీద నేను సభల్లో మాట్లాడతానని ఆవిడకి తెలుసు.

ఆవిడని తలుచుకుంటే నాకు ముందు కనపడేది ముక్కు. తోమిన ప్రతి గిన్నెనీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చేది. అనుమానం వస్తే మళ్ళీ సింకులో పడేసేది. "కళ్ళు అబద్దమాడతాయే పిల్లా. ముక్కు ఆడదు," అనేది. చేపలు వండిన రోజు ఆ గిన్నెలు వంటింట్లోకి రావు. నీసు సామాను వేరు, దాన్ని తోమే పీచు వేరు, అది ఆరబెట్టే చోటు బాల్కనీ గట్టు. పొద్దున తుడిచిన ఆ గట్టు మీద మధ్యాహ్నానికల్లా ప్లాంటు పొగలోంచి రాలిన నల్లటి పొడి పేరుకునేది. ఆవిడ దాన్ని వేలితో తీసి నాకు చూపించేది. "సూసినావా? కడిగినదేదీ కడిగినట్టుండదు ఈ ఊళ్ళో." అని మళ్ళీ మొదలుపెట్టేది. ఇంట్లో ఎవరి కంచం వాళ్ళది, అంచు మీద పేరు చెక్కించి ఉంటుంది. ఒకరి కంచంలో ఒకరు తినకూడదు. పొద్దుగూకాక ఇంట్లో ఎంగిలి అంట్లు ఉంటే దరిద్రదేవత జ్యేష్ఠ వచ్చి కూర్చుంటుందట.

ఆ తర్వాత కనపడేవి చేతులు. కనపడేవి అనడం తప్పు. వాటిని ఆవిడ ఎప్పుడూ కొంగులో చుట్టి దాచుకునేది. కాఫీ ఇచ్చినా చేతికి ఇవ్వదు, గ్లాసు బల్ల మీద పెట్టి చెయ్యి లాగేసుకుంటుంది. సబ్బునీళ్ళలో నానీ నానీ చర్మం తెల్లగా ఉబ్బి, కీళ్ళ దగ్గర నెర్రెలు విచ్చి, ఉప్పు తగిలితే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. దానికి తోడు షుగరు. డాక్టరు ఆవిడ ముందరే భర్తకి గట్టిగా చెప్పాడు: ఈవిడ చేతులకి సబ్బు తగలకూడదు, తగిలితే పుండు పడుతుంది, ఈ షుగరుతో పుండు పడితే మానదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, చెడ్డవాళ్ళ వల్లే కీడు జరుగుతుందని నమ్మేవాళ్ళు లేకపోతే ఆయన్ని చెడ్డవాడనుకుని ఊపిరి పీల్చుకుంటారు. ఆయన ఆ వారమే డిష్‌వాషర్ కొని తెచ్చాడు. జంక్షన్లో టీ కొట్టు దగ్గర కనపడినవాడికల్లా చెప్పాడు. "మా ఇంట్లో ఇప్పుడు మిషన్ తోముతాది బావా. మీ సెల్లెలు రాణీలాగ కూకుంటాది." విన్నవాళ్ళు, "అయితే నీకేటి పని నేదు, మిషన్ పక్కన కూకో," అని ఎగతాళి చేశారు. ఆయన నవ్వి మరో టీ చెప్పాడు.

మిషన్ బిగించడానికి వచ్చినతను శుభ్రంగా చెప్పాడు. కంచంలో మిగిలిన మెతుకులూ ముళ్ళూ చెత్తబుట్టలోకి గీసెయ్యండి, అంతే, కడగొద్దు. జిడ్డూ మరకా ఉంటేనే దాని సబ్బుపొడికి పని. గిన్నెలు బోర్లించి కాస్త ఏటవాలుగా పెట్టండి, నీళ్ళు కిందనుంచి చిమ్ముతాయి. ఒకదాన్లో ఒకటి దూర్చకండి. ఇత్తడి, ఇనప పెనం, చెక్క గరిటెలు వద్దు. అడుగున ఉన్న జల్లెడ వారానికోసారి తీసి, చేరిన మెతుకులు దులపండి. ఆవిడ కొంగులో చేతులు చుట్టుకుని అన్నిటికీ తలూపింది. అతను వెళ్ళగానే పసుపూ కుంకుమా తెచ్చి మిషన్ తలుపు మీద బొట్లు పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి సింకు దగ్గర నిలబడి తోముతోంది. మిషన్ తలుపు తెరిచి ఉంది.

"ఏంటి వదినా ఇది?"

"గుళ్ళోకెల్లేముందు కాళ్ళు కడుక్కుంటామా, నేదా? ఇదీ అంతే."

"అది గుడి కాదు, స్నానాలగది. స్నానానికి వెళ్ళేవాడికి ముందు స్నానం చేయిస్తారా?"

"నీ మాటలకేటి గానీ ఇలగ రా." లోపలికి వంగి చూపించింది. "అడుగున నీళ్ళు. అవే పైకి కొడతాది. కిందకి దిగుతాయి. మల్లీ అవే పైకి కొడతాది. నా ఎంగిలి మీ అన్నయ్య కంచం మీద, ఆయన ఎంగిలి కోడలి గ్లాసు మీద. నీసు గిన్నె నీళ్ళు పాలగిన్నె మీద. ఇది తోమడమేటే? కలపడం!"

ఒప్పుకోవాలి, నా సభల్లో ఎదురుపక్షం నుంచి ఇంత పదునైన ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఆవిడ మిషన్ని చూసింది, ఆలోచించింది, వాదించింది. అందుకే, మా ఇంట్లోనూ అప్పటికే మిషన్ ఉంది కనక, నేనూ మర్యాదగా జవాబిచ్చాను. ఆ నీళ్ళు కాసేపే తిరుగుతాయి, తర్వాత బయటికి పోతాయి, మళ్ళీ కొత్త నీళ్ళు పడతాయి, ఆఖర్న వచ్చేవి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయని చెప్పాను. నమ్మలేదు. అయితే చూద్దాం పద అన్నాను.

మా ఇంట్లో ఆ రోజు చేపల పులుసు. తిన్న కంచం ఎండి అట్టకట్టి ఉంది. దాన్ని తెచ్చాను, పులుసు కాగిన మూకుడూ తెచ్చాను. ముళ్ళు బుట్టలోకి గీకాను. ఆవిడ ముక్కు మూసుకుంది. మూకుడు కింది అరలో బోర్లించాను, కంచం చీలికలో నిలబెట్టాను, ఆవిడ రోజూ పాలు తాగే గ్లాసు పై అరలో బోర్లించాను. ఆవిడ "ఓలమ్మో, నా గ్లాసు!" అని కేక పెట్టింది. నీళ్ళు చిమ్మే రెక్కని వేలితో ఒకసారి తిప్పి, మూకుడు కాడ దానికి అడ్డం రావడం లేదని చూసుకున్నాను. పొడి వేసి, వేడి ఎక్కువ ఉండే మీట నొక్కాను. ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. ఆయన హాల్లోంచి, "ఏటి, వంటింట్లో సినిమా ఆడతందేటి?" అన్నాడు.

ఆగాక తలుపు తెరిచాను. ఆవిరి పోయేదాకా ఆగి, గ్లాసు ఆవిడకిచ్చాను. మొదటిసారి నా చేతిలోంచి ఒక వస్తువు తిన్నగా తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఊపిరి పీల్చింది. తిప్పి మళ్ళీ పీల్చింది. కంచం తీసుకుంది. మూకుడులో తల దూర్చినంత పని చేసింది.

"నీసు నేదు," అంది.

"ఏమైనా ఉందా?"

"ఏటీ నేదు."

నేను గెలిచాననుకున్నాను. అప్పుడు ఆవిడ ఆ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెట్టింది.

"వాసన పోనాది పిల్లా. ఎంగిలి పోనాదని ఎలగ సెప్తావు?"

ఆవిడకి ఉన్న ఒకే ఒక్క న్యాయమూర్తి ఆ ముక్కు. జీవితమంతా దాని తీర్పే తీర్పు. ఆ రోజు అది వ్యతిరేకంగా తీర్పు చెప్పగానే దాన్నీ కొట్టిపారేసింది. ఎంగిలి అంటే ఉమ్మి అయితే నీళ్ళకి పోతుంది, వేడికి చస్తుంది, అక్కడితో గొడవ తీరిపోవాలి. కంటికి కనపడక, ముక్కుకి తగలక, వేడికి చావక, తోమే ఆడదాని చేతికి మాత్రమే లొంగే ఎంగిలి ఒకటుంది. అది కంచంలో ఉండదు. మన బుర్రల్లో ఉంటుంది. హోటల్లో కొందరికి వేరే గ్లాసు పెట్టించింది అదే. పనిమనిషికి గడప బయట విస్తరి వేయించింది అదే. బయటివాళ్ళని తరిమి తరిమి అలవాటైన ఆ ఎంగిలి, బయట చట్టాలొచ్చాక ఇంట్లోకొచ్చి ఇల్లాలి వేళ్ళ మీద పడింది.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ, "నీ మాటే వింటన్నాను మరదలా, తోమడం మానేసినాను," అంది. నేను వెళ్ళేసరికి సింకు ఖాళీగా ఉండేది. రోజూ మధ్యాహ్నం గోడ అవతల మిషన్ తిరిగేది.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. మిషన్ రాకముందు ఆ చేతుల సంగతి వీధంతా తెలుసు. కోడలు వచ్చీరాగానే మందు రాసేది. కొడుకు సెలవురోజున గిన్నెలు కడిగేవాడు. భర్త కూడా, "ఎలాగుందే?" అని అడిగేవాడు. మిషన్ వచ్చాక ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఏముంది? ఆ చప్పుడే జవాబు చెప్పేది. ఆవిడ చేతులు కొంగులోకి ఇంకా లోతుగా వెళ్ళిపోయాయి, చూసే కళ్ళు లేవు.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఆయన మా గుమ్మంలోకొచ్చి, "సెల్లెమ్మా, మిషన్లో ఏదో దీపం వెలుగుతంది, ఓపాలి సూడు," అన్నాడు. వెళ్ళాను. ఉప్పు అయిపోయినట్టు చెప్పే దీపం అది. మన బోరు నీళ్ళకి దాని ఉప్పు దానికి వెయ్యాలి, లేకపోతే గ్లాసులు తెల్లగా చార కడతాయి. ఉప్పు పోస్తూ, ఎలాగూ కూర్చున్నాను కదా అని అడుగున జల్లెడ తిప్పి పైకి తీశాను.

దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాను. నెలల తరబడి రోజూ తిరుగుతున్న మిషన్. ఎప్పుడైనా జల్లెడ తీశావా వదినా అంటే, బిగించినతను చెప్పిన సంగతే మరిచిపోయినట్టు చూసింది. మా ఇంట్లో వారం తియ్యకపోతే ఆవగింజలూ కరివేపాకు ముక్కలూ జిడ్డూ పట్టి ఉంటుంది. ఇది కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. ఒక్క మెతుకు లేదు.

"వదినా, చెయ్యి చూపించు."

"సెయ్యెందుకే? ఉప్పేసినావా?"

"చూపించు."

కొంగు లాగాను. చూపుడువేలికి పాత చీరపేలిక చుట్టి ఉంది. "కూర తరుగుతంటే సిన్న గాటు," అంది. విప్పాను. గాటు కాదు. వేలి కొన ఉబ్బి, గోటి పక్కన నల్లబడి ఉంది. ఆ నలుపు మధ్య స్టీలు పీచు ముక్క ఒకటి, వెంట్రుకంత, లోపలికి దిగి ఉంది. నేను నెమ్మదిగా నొక్కాను.

"నొప్పిగా ఉందా?"

"నేదు. సింహాద్రి అప్పన్న దయ. పోయిన నెలదాకా మంట మండిపోయేది, ఇప్పుడు ఏటీ తెల్డం నేదు."

సంతోషంగా చెప్పింది. షుగరున్న మనిషి వేలు నల్లబడి నొప్పి తెలియడం లేదంటే ఏమిటో నాకు తెలుసు. "నొప్పి తగ్గడం కాదు వదినా, వేలు చచ్చిపోయింది," అన్నాను.

ఆయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం. "మిషన్ ఉండగా నువ్వు తోముతన్నావేటే?"

ఆవిడ మొట్టమొదటిసారి ఆయన వైపు తిరిగి గట్టిగా మాట్లాడింది. "తిన్నాక కంచంలోనే సెయ్యి కడిగేసి లేసిపోతారు. ఆ నీళ్ళు ఎవులు పారబోత్తారు? మిషన్ వచ్చి పారబోత్తాదేటి?"

"అయితే సెప్పొచ్చు కదా!"

"సెప్తే?"

ఆవిడ అడిగింది ఆయన ఒక్కణ్ణేనా? కంచంలో చెయ్యి కడిగి లేచే మగవాళ్ళెవరైనా చెప్పండి, చెబితే ఏం చేసి ఉండేవారు?

ఆస్పత్రికి పద అన్నాను. ఎల్లుండి సింహాచలం మొక్కు, చుట్టాలొత్తన్నారు, మొక్కు తీరాక ఎల్దాం అంది. డాక్టరు చెప్పిన మాట గుర్తు చేశాను, అరిచాను. "మొక్కాపితే అరిష్టం సెల్లెమ్మా, రెండ్రోజులే కదా," అని ఆయన. నేను రోడ్డు మీదికెళ్ళి ఆటో తెచ్చాను. ఆవిడ మెట్లు దిగి వచ్చింది, ఆటో కమ్మీ మీద చెయ్యి వేసింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. "మీటింగులమ్మా, నువ్వెల్లు. బియ్యం నానబెట్టాలి." ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది.

మొక్కు తీరింది. చుట్టాలందరికీ వండింది. అందరి కంచాలూ తోమింది. మిషన్ తిరిగింది. మర్నాటికి చలిజ్వరం, ఎర్రటి చార మోచెయ్యి దాటి ఉంది. ఆస్పత్రిలో ముందు వేలు తీశారు, తర్వాత మణికట్టు దాకా తీశారు. ఆ తర్వాత తీయడానికి వ్యవధి లేకపోయింది.

కర్మలకి వచ్చినవాళ్ళ మాటలు నేను చెవులారా విన్నాను. గ్రహచారం అన్నారు. దిష్టి అన్నారు. ఆయన పెద్దమ్మ కూతురు, తల నెరిసిన ముసలావిడ, వంటింటి గుమ్మంలో కూర్చుని అందరికీ వినపడేలా చెప్పింది: "ఎంగిలి దాసే పెట్టె ఇంట్లో ఎట్టుకుంటే జేష్ట కూకోదేటి? అది వచ్చినకాడి నుంచే కదూ?" తలలు ఊగాయి. ఒక్కరూ స్టీలు పీచు ఊసెత్తలేదు. నేనెత్తితే, "సావు ఇంట్లో వాదనలేటమ్మా," అన్నారు. ఆవిడ ప్రాణం నిలబెట్టడానికి వచ్చిన వస్తువొక్కటే ఆ ఇంట్లో దోషిగా నిలబడింది. మరుసటి వారం దాన్ని బాల్కనీలోకి నెట్టి మీద దుప్పటి కప్పారు.

ఇప్పుడు అంట్లు కోడలు తోముతుంది. పొద్దున కొట్టుకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. అదే సింకు, అదే సబ్బు. మామగారు కంచంలో చెయ్యి కడగడం మానలేదు. ముసలితనంలో అలవాట్లు ఎక్కడ మారతాయి అని చుట్టుపక్కలవాళ్ళు జాలి పడుతున్నారు, ఆయన మీద.

తగరపువలస నుంచి వచ్చిన రెండు రోజులకి ఆ కోడలుపిల్ల చెత్తబుట్ట బయట పెడుతూ కనపడింది. వేలికి గుడ్డ.

"ఏమిటమ్మా అది?"

"ఏటీ నేదత్తా. పీచు గుచ్చుకుంది. నొప్పి కూడా నేదు."

"షుగరు ఎప్పుడైనా చూపించుకున్నావా?"

"నాకెందుకత్తా షుగరు?" అని నవ్వింది. నవ్వుతూ చెయ్యి చున్నీలోకి లాక్కుంది.

నేను చెప్పులేసుకున్నాను. మామగారు గుమ్మంలోకొచ్చి, "మంగళవారం పూట ఆస్పత్రికేటి సెల్లెమ్మా, రేపెల్లండి," అన్నాడు. ఆ పిల్ల రెక్క పట్టుకుని నడిపించుకుపోయాను. డాక్టరు పీచు ముక్క తీసి కట్టు కట్టాడు. రక్తం తీసుకున్నారు, రిపోర్టు రేపు వస్తుంది. దానిలో ఏముంటుందో నాకు తెలియదు. ఈ మాటలు రాస్తుంటే గోడ అవతల కుళాయి తిరిగింది. కంచాల చప్పుడు వినపడుతోంది. లేచి వెళుతున్నాను, కట్టు ఉన్న చేత్తో తోముతుంటే నేనే ఆ కుళాయి కట్టేస్తాను.

మీరూ లేవండి. ఈ పూట భోజనమయ్యాక కంచంలో చెయ్యి కడగకండి. మీ కంచం మీరే తీసుకెళ్ళి, మెతుకులు బుట్టలోకి గీసి, ఉన్నది ఉన్నట్టు మిషన్లో పెట్టండి. మిషన్ లేకపోతే మీరే తోమండి. కానీ అది తర్వాత. ముందు వంటింట్లో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి, ఏ వారమైనా, ఏ మొక్కున్నా, ఎంత నవ్వినా, రెండు చేతులూ వెలుతురులోకి పట్టి చూడండి. గుడ్డ కట్టి ఉంటే మీ చేత్తో విప్పండి. నొప్పి లేదంటే ఇంకొక్క మాట వినకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.